పదిహేడో పెట్టెలో ఆరు బారలు

మాఘ బహుళ విదియ

ఈ పుస్తకం నిన్న పై ఆఫీసు నుంచి పడవలో వచ్చింది. ఏం చూశావో, ఏం విన్నావో, ఏం చేశావో రాయమన్నారు. నేను మూడో తరగతితో బడి మానేసిన దాన్ని. ఒత్తులు తప్పుతాయేమోనని భయం. తప్పితే నవ్వుకోండి గానీ కోప్పడకండి.

నా పేరు కొల్లాటి ధనకుమారి. డెబ్బై ఒకటి నిండాయి. మొగలిలంక గట్టులో గాజు తీగకి అతుకులు వేసేది నేనే. ఆ తీగ వెంట్రుక కన్నా సన్నం. రెండు కొసలూ ఎదురెదురుగా పట్టి, యంత్రంలో పెట్టి కరిగించి కలపాలి. చెయ్యి ఒణికిందా, అతుకు పోయినట్టే. యాభై ఏళ్ళు లేసు అల్లిన వేళ్ళు కావాలని వెతుక్కుంటూ వచ్చి నన్ను పెట్టుకున్నారు.

లంక చుట్టూ గట్టు. గట్టుకి అటు ఉప్పునీళ్ళు, ఇటు దాళ్వా వరి మడులు. మా పాత ఊరు అటువైపే ఉంది. బాగా ఆటు తీసినప్పుడు బడి పైకప్పు బయటపడుతుంది, దాని మీద కొంగలు వరసగా నిలబడతాయి. గట్టు కడుపులో మూరెడు లోతున గాజు తీగ చుట్టూ తిరిగి వస్తుంది. ముప్పై ఒక్క అతుకులు, అతుక్కొక పెట్టె. ఆ తీగలోనే డాక్టరు కనబడతాడు, పాఠాలు నడుస్తాయి. అదే తీగ గట్టుకి చెవి కూడా. నేల కదిలితే లోపల పారే వెలుగు ఒణుకుతుందిట. ఆ ఒణుకుని బట్టి ఇది నడక, ఇది పడవ, ఇది తవ్వకం అని యంత్రం చెబుతుంది. తవ్వకం అంటే గండి పడుతుందని అర్థం. మడుల కాలవలోకి ఉప్పు ఎక్కకుండా తూము తలుపు దానంతటదే పడిపోతుంది. పూటంతా తెరుచుకోదు.

వారం నుంచి పదిహేడో పెట్టె దగ్గర రోజూ తవ్వకం అని కూస్తోంది. వెళ్ళి చూస్తే ఎవరూ లేరు. తూము మాత్రం పడుతోంది. మడులు నెర్రెలు విచ్చుతున్నాయి. మొన్న సభలో తీర్మానం చేశారు. అమావాస్య నాటికి ఈ తప్పుడు కూత ఆగకపోతే తీగ పీకేసి మళ్ళీ పాత టవరు, డీజిలు ఇంజను, గట్టు మీద కావలి మనుషులు. పై ఆఫీసు నుంచి నస్రీన్ గారు అమావాస్య నాడే తనిఖీకి వస్తున్నారు.

ఈ వేళ నాలుగున్నరకి కూసింది. నేను ఎలాగూ లేచే ఉన్నాను. తీగ మీంచి వొలిచిన ప్లాస్టిక్ తొడుగు ముక్కలు లెక్కపెట్టుకుంటున్నాను, ఒక్కటి కాలవలో పడి ఏ చేపో మింగితే ఆ పాపం నాదే కదా. ఎనభై నాలుగు. అన్నీ డబ్బాలోనే ఉన్నాయి.

బహుళ చవితి

ఆరు గంటలకి కూత. నేనూ, మా ఆడపడుచు బేబీ సరోజినీ గట్టు మీదకి పరుగెత్తాం. వినికిడి గదిలో తెర చూసే పని సరోజినిది. నాకన్నా అయిదేళ్ళు చిన్నది, నోరు మాత్రం నాకు అమ్మమ్మ.

"వదినా, నువ్వు అడుగడుక్కీ వొంగి సూత్తంటే మనం ఎల్లేసరికి తవ్వినోడు ఇల్లు కట్టి గృహప్రవేశం కూడా సేసేత్తాడు."

"పీత బొక్కలేమోనని సూత్తన్నానే."

"పీత తవ్వితే యంత్రం పీత అనే అంటది. దానికి నీకన్నా తెలుసు."

పదిహేడో పెట్టె దగ్గర గడ్డి ఉంది, మంచు ఉంది, మా ఇద్దరి కాళ్ళ గుర్తులు ఉన్నాయి. ఇంకేం లేవు.

తిరిగి వస్తూంటే టవరు షెడ్డు దగ్గర మట్టా సాల్మన్ ఇంజను తుడుస్తున్నాడు. టవరు నడిచిన ముప్పై ఏళ్ళూ దానికి కావలి అతనే. తీగ వచ్చి ఆరేళ్ళయింది, ఇంజను తిరగదు. అయినా రోజూ తుడుస్తాడు.

"ఏం ధనక్కా, నీ గాజమ్మ మళ్ళీ కల కందా? నా ఇంజను ముప్పై ఏళ్ళలో ఒక్క అబద్ధం ఆడలేదు."

"ఆడదు బాబూ," అంది సరోజిని. "ఆ రొదలో నిజం సెప్పినా ఎవరికి వినపడేది? మా అన్న పెళ్ళిలో ఇలాగే డప్పుల రొదకి పురోయితుడి మంత్రాలు వినపడక ఏ ముడో ఎక్కడేసేరో, ఇదిగో ఈవిడొచ్చిపడింది మాకు."

సాల్మన్ నవ్వాడు. పైకి నేనూ నవ్వాను. టవరు రోజులు నాకు గుర్తున్నాయి. వారానికి రెండు పీపాల డీజిలు పడవలో వచ్చేది. కాలవ మీద నెమలికంఠం రంగులో నూనె తెట్టు తేలేది. ఆ తెట్టులో ఉతికిన బట్టలు వంటి మీద వాసనేసేవి. అంతకు ముందు రాగి తీగలుండేవి, ఉప్పుగాలికి పచ్చగా చిలుం పట్టేవి. దొంగలు కోసుకుపోయి, తొడుగు కాల్చి రాగి తీసుకునేవారు. ఆ నల్లటి పొగ మా అమ్మ ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఇప్పుడు వినికిడి గది మీద కరెంటు ఇచ్చే చేటంత ఎండపలకలు నాలుగుంటే లంక మొత్తానికి చాలు. మధ్యలో ఎక్కడా కరెంటు అక్కర్లేదు, వెలుగు తనంతట తానే పోతుంది. అది అంత దూరం పోయి అలిసిపోదా అని పై ఆఫీసు వాళ్ళని ఒకసారి అడిగాను. అలుస్తుందిట, కానీ చాలా మెల్లగానట. నాలాగే.

బహుళ షష్ఠి

ఇవాళ ఒకటి కనిపెట్టాను. తప్పైతే కొట్టేయండి.

కూత ఏడున్నర దాటాక వచ్చింది. విదియ నాడు నాలుగున్నర, చవితి నాడు ఆరు, ఇవాళ ఏడున్నర. రోజుకి రెండు గడియలు, అంటే ముప్పావు గంట, ఆలస్యం. సాయంత్రం కూతా అంతే. సరోజిని తెర మీద గీతలు చూసి "ఏ టైముకి పడితే ఆ టైముకి వత్తంది, దీనికి వేళాపాళా లేదు" అని పై ఆఫీసుకి రాసి పంపింది. వాళ్ళూ అలాగే అనుకున్నారు.

"ఒసే, వల వేసే ఇంట్లో పుట్టేవా లేదా? రోజుకి రెండు గడియలు జరిగేది ఏవిటే?"

అది నోరు తెరిచింది. "ఆటు!"

అవును. నీళ్ళు బాగా తీసిన వేళకే కూస్తోంది. యంత్రం చెడితే ఆటుపోట్లు చూసుకుని చెడదు కదా. నీళ్ళు తగ్గితే గాని పని మొదలుపెట్టనిది ఏదో అక్కడ ఉంది.

సరోజిని ఆ ఒణుకుని చప్పుడుగా మార్చి వినిపించింది. ముందు గాలి ఊదినట్టు హోరు. తర్వాత చర్, చర్, చర్. ఆగింది. మళ్ళీ చర్, చర్. మా అత్తగారు చింతపండు కుండ అడుగు గోకినట్టు ఉంది. నాకు భయం వేయాలి. వేసింది కూడా. కానీ దాని కన్నా ముందు, మళ్ళీ వినాలనిపించింది. ముప్పావు గంట అలాగే కూర్చున్నాను, పొయ్యి మీద ఎసరు ఇగిరిపోయింది.

"పదహారులో లేదు, పద్దెనిమిదిలో లేదు," అంది సరోజిని. "ఈ ఒక్క పెట్టెకే ఎందుకింత సెవి?"

ఇక్కడ ఒక మాట రాసి కొట్టేశాను.

బహుళ అష్టమి

కొట్టేసిన మాట రాస్తున్నాను. రెండు రోజులుగా అన్నం సయించడం లేదు.

ప్రతి పెట్టెలో తీగ ఒక్క బార, అంటే రెండు చేతులూ చాచినంత, మిగులు ఉంచి చుట్టి పెట్టాలని రూలు. ముప్పై పెట్టెల్లో అలాగే పెట్టాను. పదిహేడులో ఆరు బారలు పెట్టాను. చీటీ మీద మాత్రం "ఒకటి" అని రాశాను.

లేసులో మా అత్తగారు నేర్పిన పద్ధతి అది. ఎక్కడ పిగులుతుందని అనుమానం ఉంటుందో అక్కడ దారం ఎక్కువ వదిలి, కనబడకుండా మడిచి వెనక దాచాలి. కొనేవాడికి చెప్పకూడదు, చెబితే పిగిలే సరుకని బేరం తగ్గిస్తాడు. కిందటి తుఫానుకి గండి పడింది పదిహేడు దగ్గరే. మళ్ళీ పడితే తీగ సాగడానికి మిగులుండాలి కదా అనుకున్నాను. దాచాను, చెప్పలేదు. చెయ్యి అలవాటు.

ఆరు బారలు ఒకే చోట చుట్ట చుట్టుకుని ఉంటే ఏమవుతుంది? ఒక చెవి కాదు, ఆరు చెవులు ఒక్కచోట పెట్టినట్టు. అందుకే ఆ పెట్టెకి అన్నీ వినిపిస్తున్నాయి. ఇది నాకెవరూ చెప్పలేదు, ఎసరు ఇగిరిన రోజున తట్టింది.

ఇప్పుడు అయిదు బారలు కోసేసి అతికితే పదిహేడుకి మిగతావాటి పాటి చెవే ఉంటుంది. కూత ఆగిపోతుంది. తీగ నిలుస్తుంది, టవరు రాదు, నా అబద్ధం ఎవరికీ తెలియదు. తొమ్మిదింటికి, ఆటు వేళ చూసుకుని, కోసే కత్తీ అతుకు యంత్రమూ పట్టుకుని ఒక్కదాన్నే వెళ్ళాను. పెట్టె మూత తీశాను. చుట్ట బయటికి తీసి చేతిలో పట్టుకున్నాను.

కొయ్యలేదు. కోస్తే ఆ చర్ చర్ ఏమిటో ఇంక ఎప్పటికీ తెలియదు కదా అనిపించింది. నిజం అదే. ధర్మం గుర్తొచ్చి ఆగానని రాస్తే బాగుంటుంది గానీ, ఆగింది అందుకు కాదు.

మూత పెట్టేసి, మొదటిసారి ఉప్పునీటి వైపు వాలులోకి దిగాను. ఇన్నాళ్ళూ మేం గట్టు పైనే వెతికాం. తవ్వేది మనిషే అనుకుంటే పైన వెతకడమే కదా. కింద రాళ్ళ మీద చేప పొలుసులు వెండి చెమ్కీల్లా మెరుస్తున్నాయి, పీత డొప్పలు నమిలి ఉమ్మినట్టు ఉన్నాయి. ఒకటే నీచు వాసన. పక్కన తడి మట్టిలో చెయ్యి పెట్టినట్టు గుర్తులు, వేళ్ళ మధ్య పొర ఉన్నట్టు. కొంగ కాదు, కుక్క కాదు.

బహుళ దశమి

ఆ గుర్తు కాయితం మీద గీసి ముందు సరోజినికి చూపించాను.

"బాతుకి కుక్కకి పెళ్ళయినట్టుంది," అంది.

అటే పోతున్న సాల్మన్‌ని పిలిచి చూపించాం. అతను నవ్వలేదు. కాయితం దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశాడు.

"నీటికుక్క," అన్నాడు. "మా తాత సూపించేడు, నా సిన్నప్పుడు. మడ అడవుల్లో గుంపులు గుంపులుగా ఉండేవి. ఇంజను పెట్టిన ఏడాదే ఎల్లిపోయేయి."

"ఇంజనుకీ వాటికీ ఏంటి?"

అతను చేతిలో గుడ్డ మడిచాడు, విప్పాడు. "మాడిపోయిన నూనె కాలవలోనే కదక్కా పోసేవోణ్ణి. మరెక్కడ పొయ్యమంటావు, పై నించి ఒకడైనా సెప్పేడా? నూనె అంటుకుంటే వాటి బొచ్చు తడిసిపోద్దంట. సలికి సత్తాయంట."

పదకొండింటికి ఆటు. ముగ్గురం టవరు షెడ్డు మీదకెక్కి కూర్చున్నాం, అక్కడి నించి పదిహేడు కింది వాలంతా కనబడుతుంది. నిచ్చెన నా బరువు ఆపుతుందా అని నాకు, నేను పడితే తన మీద పడతానేమోనని సరోజినికి. నీళ్ళు దిగిపోయాయి, రాళ్ళు బయటపడ్డాయి. ముందు నీళ్ళలో గీత కనబడింది, తర్వాత నున్నటి గుండ్రటి తల. ఒకటి కాదు, రెండు. ఒకటి ఒడ్డెక్కి, నిలబడి, చేతులు కడుపు మీద పెట్టుకుని అచ్చం పేరంటానికి వచ్చిన ముత్తయిదువలా అటూ ఇటూ చూసింది. రెండోది రాళ్ళ మధ్య గట్టులోకి దూరింది. బయటికి మట్టి వచ్చి పడింది. అదే సమయానికి వినికిడి గదిలోంచి కూత.

"అబద్ధం ఆడలేదే!" అని సరోజిని నా తొడ మీద ఒక్కటిచ్చింది. "యంత్రం నిజమే సెప్పింది వదినా. తవ్వకం అంటే తవ్వకవే!"

నాకు సంతోషం వచ్చి, సగంలో ఆగిపోయింది. ఆ బొక్క నోరు ఆటు మట్టానికే ఉంది. లోపలికి ఎంత దూరం పోయిందో తెలియదు. అయిదు రోజుల్లో అమావాస్య, పెద్ద పోటు. ఆ నీళ్ళు బొక్కలోకి తోసుకుంటే కిందటి గండే మళ్ళీ తెరుచుకుంటుంది. అష్టమి నాడు నేను అయిదు బారలు కోసేసి ఉంటే కూత ఉండేది కాదు. పోటు మాత్రం వచ్చేది.

సాల్మన్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఎండ, అన్నాడు.

బహుళ ఏకాదశి

పొద్దున్నే వినికిడి గదిలో కూర్చుని నస్రీన్ గారిని తెర మీదకి పిలిపించాను. ముందు బొక్క సంగతి చెప్పాను. ఆమె సంతోషించారు. ఆ సంతోషం చూశాక రెండోది చెప్పడం ఇంకా కష్టమైంది.

"పదిహేడులో ఆరు బారలున్నాయమ్మా."

"చీటీలో ఒకటని ఉంది మామ్మగారూ."

"నేనే రాశాను. అబద్ధం."

తెర మీద బొమ్మ కదల్లేదు. గాజులో వెలుగు నిజంగా అలిసిపోయిందేమో అనుకున్నాను.

"అబద్ధం రాసిన చెయ్యి అతుకులు వెయ్యకూడదని మా రూలు. తెలుసా?"

"తెలుసమ్మా."

"ఆ సంగతి వచ్చాక చూద్దాం. నేను చూసేదాకా ఆ చుట్ట కొయ్యకండి. లోపల పిల్లలున్నాయేమో వినండి. ఉంటే వాటి మీద మట్టి కప్పకండి."

విన్నాం. హోరు అడుగున, చాలా సన్నగా, కీచు కీచుమని. రెండో మూడో. సరోజిని తెరకి చెవి ఆనించేసింది.

మధ్యాహ్నం సభ. కొందరు టపాకాయలు వెయ్యమన్నారు, కొందరు పొగ పెట్టమన్నారు. టపాకాయలకి తల్లి పారిపోతే పిల్లలు లోపలే ఉంటాయి, గట్టు మూసేస్తే సమాధి. ఊరుకుంటే మడులన్నీ ఉప్పు. ఎవరూ తేల్చలేకపోతున్నారు. అప్పుడు సాల్మన్ లేచాడు.

"షెడ్డు కింద ఇంజను కూచునే దిమ్మ ఉంది. గట్టుకి బయట, ఉప్పు కాలవ ఒడ్డునే. ఇంజను దింపేసి దిమ్మకి కన్నం కొడతాను. లోపల బోలుగానే ఉంటది. సుట్టూ రాళ్ళూ మడ కొమ్మలూ పేర్చుదాం."

"నీ ఇంజనో?" అన్నారెవరో.

"అది అబద్ధం ఆడదు గానీ, ఇంక మాట కూడా ఆడదు కదా," అన్నాడు సాల్మన్. "అక్కడి నించి వాటిని తోలేసింది నేనే. పిలిసేది కూడా నేనే అయితే బావుంటది."

ఇల్లు తయారైతే సరే, వాటిని బొక్కలోంచి లేపడం ఎలా? ఆ ఉపాయం నాదే, రాసుకుంటాను. బాలింతని అరిచి లేపకూడదు. పక్కింట్లో పిండి దంపితే చాలు, నిద్ర పట్టక తనే పిల్లని ఎత్తుకుని పుట్టింటికి పోతుంది.

బహుళ త్రయోదశి

సాల్మన్ నిన్న పొద్దుటికే ఇంజను దింపి దిమ్మకి కన్నం కొట్టేశాడు. రెండు రోజులుగా ఆటు పూటల్లో పద్దెనిమిది మంది ఆడవాళ్ళం పదిహేడో పెట్టెకి అటూ ఇటూ గట్టు మీద రోకళ్ళతో దంపుతున్నాం. గట్టిగా కాదు, గట్టు అదురుతుంది. అటుకులు దంచినంత. యంత్రానికి మతి పోయింది. ఒకసారి నడక అంటుంది, ఒకసారి పడవ, ఒకసారి తవ్వకం. ఒక్కసారి మాత్రం "తెలియదు" అంది. ఆరేళ్ళలో దాని నోట ఆ మాట రావడం ఇదే మొదలు. నాకు దాని మీద గౌరవం పెరిగింది.

ఇవాళ ఒంటిగంట దాటాక తల్లి బయటికి వచ్చింది. నోట్లో పిల్ల, మెడ పట్టుకుని, తడి గుడ్డ ముక్కలా వేలాడుతోంది. మమ్మల్ని చూసింది. మేం రోకళ్ళు ఎత్తినవి ఎత్తినట్టే ఆపేశాం. నీళ్ళలోకి జారింది. మూడుసార్లు వచ్చి మూడు పిల్లల్ని పట్టుకుపోయింది. కాలవ మలుపు దాకా కనబడింది, తర్వాత మడ చెట్లు అడ్డం వచ్చాయి. దిమ్మ వైపే వెళ్ళిందా, సముద్రంలోకే వెళ్ళిందా, తెలియలేదు.

లోపల ఇంక కీచు లేదని సరోజిని విని చెప్పగానే, రాత్రి ఆటు కోసం చూడకుండా వెంటనే బొక్క పూడ్చారు. మూడు బారల లోతుంది. ఇంకో బారన్నర తవ్వితే మడుల వైపు తేలేది.

అమావాస్య

తొమ్మిదింటికి పెద్ద పోటు. నీళ్ళు గట్టు భుజం దాకా వచ్చాయి. నస్రీన్ గారు, నేను, సరోజిని తెర ముందు కూర్చున్నాం. పదిహేడు నోరు మెదపలేదు. పదిన్నరకి నీళ్ళు తిరుగుముఖం పట్టాయి. తూము తెరిచే ఉంది.

తర్వాత ఆమె నన్ను వెంటబెట్టుకుని ముప్పై ఒక్క పెట్టెలూ విప్పించారు. ప్రతి చుట్టా తన చేత్తో కొలిచారు. ముప్పైలో ఒక బార. పదిహేడులో ఆరు.

"చీటీ దిద్దండి," అన్నారు.

"ఒకటి" కొట్టేసి "ఆరు" రాశాను. పక్కన సంతకం పెట్టాను.

"తీగ ఉంటుంది," అన్నారు ఆమె. "సభకి నేను చెబుతాను. మీ సంగతి పై ఆఫీసు తేల్చాలి. ఉత్తరువు వచ్చేదాకా పని మీదే."

"తీసేస్తారామ్మా?"

"తెలియదు మామ్మగారూ." యంత్రం కూడా ఆ మాట ఒక్కసారే అంది కాబట్టి నేను ఇంక రెట్టించలేదు.

మాఘం వెళ్ళి పాడ్యమి

ఉత్తరువు ఇంకా రాలేదు. పదిహేడు నిశ్శబ్దంగా ఉంది. ఇన్నాళ్ళూ కూస్తే భయం, ఇప్పుడు కూయకపోతే భయం. అవి బతికున్నాయా? పిల్లలు పాలు తాగుతున్నాయా? దిమ్మ లోపల నూనె కంపు ఉంటుందేమో, సాల్మన్ మూడుసార్లు కుంకుడురసంతో కడిగానన్నాడు గానీ ముప్పై ఏళ్ళ నూనె. అతను పొద్దున్నించీ అటు చూస్తూ కూర్చున్నాడు. దగ్గరికి వెళ్ళకూడదని తనకి తనే గీత గీసుకున్నాడు.

మూడున్నరకి, ఆటు వేళ, సరోజిని వినికిడి గదిలోంచి కేక పెట్టింది.

"వదినా, ఇరవై రెండులో ఏదో ఉందే! ఉందో లేదో తెలీనట్టుంది. నీ ముసలి సెవికి వినపడద్దేమో రా."

ఇరవై రెండు టవరు దగ్గరి పెట్టె. పరుగెత్తాను. హోరు. హోరు అడుగున ఇంకా హోరు. దాని అడుగున ఏదో. కీచుమన్నదో, నా చెవే కోరుకుందో. ఆ పెట్టెలో ఒక్క బారే ఉంది మరి.

ఇరవై రెండులో కూడా ఆరు బారలు వెయ్యనా అని నస్రీన్ గారికి కబురు పెట్టాను. అరగంటలో జవాబు వచ్చింది, రెండు మాటలు: "వెయ్యండి. రాయండి."

అందుకని ఇది పని మొదలుపెట్టక ముందే రాస్తున్నాను. ఈ సాయంత్రం ఇరవై రెండో పెట్టె విప్పి అయిదు బారలు కలుపుతున్నాను. మొత్తం ఆరు. చీటీ మీద కూడా ఆరు అనే రాశాను. వొలిచిన తొడుగు ముక్కలు డబ్బాలో వేస్తాను. వేళ్ళు ఒణకకుండా ఉంటే చాలు.